నవమినాడు మూసిన ల్యాప్‌టాప్‌లు

సన్యాసిరాజుకి ల్యాప్‌టాప్‌లంటే ప్రేమ అని ఆఫీసులో అందరూ అనుకునేవారు. ప్రేమా పాడా! ఆయనకి ఉన్నది అనుమానం. పెళ్లాం వీధి గుమ్మంలో నిలబడినా సహించలేని మొగుడికి ఉంటుందే, అలాంటి అనుమానం. తన చెయ్యి పడకుండా మిషను దానంతటది ఏ పని చేసినా ఆయనకి ఒళ్లు మండేది. తెర కాస్త మసకబారితే చాలు, "ఎవడు చెప్పేడే నీకు?" అని దాన్ని పట్టుకుని తిట్టేవాడు. ముప్ఫై ఆరు మంది టైపిస్టులూ తలలు వంచుకుని నవ్వుకునేవారు, ఆయన చూడకుండా.

మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. ఆ మేడల్లో చోటు దొరకని చిన్నాచితకా కంపెనీలు ఎక్కడ సందు దొరికితే అక్కడ బోర్డు కట్టేసేవి. కార్ఖానా అనే పేటలో ఒక పాత బంగళా మేడ మీద రామభద్రరావుగారి కంపెనీ అలాంటిదే. అమెరికాలో డాక్టర్లు రోగుల గురించి రికార్డు చేసి పంపే మాటలు ఇక్కడ చెవిలో పెట్టుకుని విని, టైపు చేసి తిరిగి పంపాలి. ఆ ఏడాది కరెంటు పొద్దున రెండు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు పోయేది. జనరేటర్ పెడితే పక్క బంగళాలో రిటైరైన కల్నల్‌గారికి చప్పుడు పడదు, పోలీసు కంప్లైంట్ దాకా వెళ్లాడు. కాబట్టి రోజుకి నాలుగు గంటలు ఆ కంపెనీ ప్రాణమంతా బ్యాటరీల మీదే ఉండేది. ఆ బ్యాటరీలకి పెద్ద దిక్కు సన్యాసిరాజు.

విజయనగరంలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుకుంటూ, కంప్యూటర్లు వచ్చి ఆ గదికి తాళం పడ్డాక హైదరాబాదు వచ్చినవాడు. పెద్ద చదువు లేదు, సర్టిఫికెట్లు లేవు, ఉన్నదల్లా పట్టుదల. పొద్దున ఎనిమిదింటికే వచ్చి బల్ల బల్లకీ తిరిగేవాడు. ప్రతి మిషనుకీ తెర వెలుగు తన చేత్తో తగ్గించేవాడు. వేగం అట్టడుక్కి దించేసేవాడు. 'నిద్ర' అన్నచోట 'ఎప్పటికీ వద్దు' అని, 'మూత మూస్తే' అన్నచోట 'ఏమీ చేయవద్దు' అని పెట్టేవాడు. నిద్రపోయిన మిషను మళ్లీ లేస్తుందని ఆయనకి నమ్మకం లేదు. సాయంత్రం మళ్లీ ముప్ఫై ఆరూ తిరిగి, ఒక్కొక్కటీ తనే ఆపి, తనే మూత వేసి ఇంటికి వెళ్లేవాడు. తొమ్మిదేళ్ల కిందట, ఆయన చేరిన కొత్తలో, అలా చేసింది రైటే, ఒప్పుకోవాలి. అప్పటి మిషన్లు నిద్రపోతే సగం లేచేవి కావు. ఆ తర్వాత మిషన్లు మారాయి, ఆయన మారలేదు. చీకటి తెరలోకి చూసి చూసి టైపిస్టుల కళ్లు నీళ్లు కారేవి, మిషను వేగం చాలక చెవిలో డాక్టరు గొంతు మధ్య మధ్యలో నత్తి కొట్టేది. ఎవరైనా నోరెత్తితే, "కరెంటు పోయినప్పుడు తెలుస్తాది నా విలువ" అనేవాడు.

ఆయన కింద పనిచేసేవాడు వేణుమాధవ్. బోయిన్‌పల్లి వాడు, ఇరవై ఎనిమిదేళ్లుంటాయి, నెమ్మదస్తుడు. వైరు కట్ట ఎలా చుట్టాలి, దాన్ని జారకుండా ఏ ముడితో కట్టాలి, కీబోర్డు ఏ బ్రష్షుతో దులపాలి, అన్నీ సన్యాసిరాజు దగ్గరే నేర్చుకున్నాడు. ఆ ముడి మాత్రం సన్యాసిరాజు సొంతం. రెండు చుట్లు తిప్పి, కొసని వెనక నుంచి లోపలికి దోపి లాగాలి. ఆ ఆఫీసులో ఆ ముడి వెయ్యగలిగినవాళ్లు ఆ ఇద్దరే.

"సార్, కొత్త మిషన్లు గట్ల కాదు," అని వేణుమాధవ్ ఒకటి రెండుసార్లు మెల్లగా చెప్పి చూశాడు. "పని పడితే అవే లేస్తయి, లేకుంటే అవే పండుకుంటయి. ఎంత వెలుగు కావాలె, ఎంత స్పీడు కావాలె, అంత లెక్క దానికే ఎరుక. మనం ఊకె చెయ్యి పెట్టుడు ఎందుకు?"

"నీకు నేర్పింది ఎవడ్రా?"

"మీరే సార్."

"మరి నోరు ముయ్యి."

నోరైతే మూసుకున్నాడు గానీ, ఒకరోజు ఒక్కటంటే ఒక్క మిషను ఆటోమేటిక్‌లో పెట్టి చూశాడు. ఆ మిషను మీద పనిచేసే అమ్మాయి మంచినీళ్లకి లేచింది, మిషను నిద్రపోయింది. ఆవిడ తిరిగొచ్చి మీట నొక్కింది, లేచింది. ఆవిడ టైపు చేసిన ఒక్క అక్షరం కూడా పోలేదు. కానీ ఆ నల్లటి తెర సన్యాసిరాజు కంట పడింది. అంతే, హాలు మధ్యలో వేణుమాధవ్‌ని నిలబెట్టి, రెండు చెవులూ పట్టించి, మిషనుకొకటి చొప్పున ముప్ఫై ఆరు గుంజీలు తీయించాడు. లెక్కపెట్టమని ఆ అమ్మాయికే చెప్పాడు. ఆ పిల్లంటే వేణుమాధవ్‌కి ఇష్టమని ఆఫీసులో తెలియనివాళ్లు లేరు, సన్యాసిరాజుతో సహా. పదిహేను దాకా నవ్వుతూనే లెక్కపెట్టింది పాపం. తర్వాత తల దించేసుకుని లెక్కపెట్టింది. నెల తిరక్కుండా ఉద్యోగం మానేసింది. వేణుమాధవ్ మాత్రం మర్నాడు మామూలుగానే వచ్చి, "గుడ్ మార్నింగ్ సార్," అన్నాడు. వాడికి రోషం లేదని సన్యాసిరాజు అనుకున్నాడు.

దసరాకి నెల ముందు కల్పలత వచ్చింది. కొత్త మేనేజరు. మనిషి చూడ్డానికి మెత్తగా ఉంటుంది గానీ కత్తిరింపుల కోసమే తీసుకొచ్చిన మనిషి. ఇద్దర్నీ పిలిచి కూర్చోబెట్టింది.

"ఫ్రాంక్‌గా చెప్తున్నా రాజుగారూ. ముప్ఫై ఆరు సిస్టమ్స్‌కి ఇద్దరెందుకు? దసరా తర్వాత ఒక్కరే ఉంటారు. మీరు మాన్యువల్ అంటరు, ఈయన ఆటోమేటిక్ అంటడు. ఎవరి మెథడ్ కరెక్టో వాళ్లే ఉంటరు."

పందెం కుదిరింది. ఒకే కంపెనీవి, ఒకే రోజు కొన్నవి రెండు కొత్త ల్యాప్‌టాప్‌లు. ఒకటి సన్యాసిరాజు చేతి సెట్టింగులతో, రెండోది వేణుమాధవ్ ఆటోమేటిక్‌తో. రెండింటికీ నిండా ఛార్జి. నవమినాడు ఆయుధపూజలో అమ్మవారి ముందు పెట్టి, దశమి పొద్దున తీసి, ఛార్జరు లేకుండా టైపిస్టుల చేత పని చేయించాలి. ఏది ఎక్కువసేపు నిలబడితే దాని మనిషి ఉంటాడు. దశమిపూట మొదలుపెట్టింది కలిసొస్తుందని ముహూర్తం పెట్టింది రామభద్రరావుగారే.

సన్యాసిరాజుకి యాభై ఒకటి. ఈ ఆఫీసు గడప దాటితే సర్టిఫికెట్ లేని మనిషిని ఊళ్లో ఏ కంపెనీ గేటు లోపలికి రానివ్వదని ఆయనకి బాగా తెలుసు. ఓడిపోతే నేరేడ్‌మెట్‌లో ఇంటి అరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లని చూసుకుంటూ బతకాలి. వేణుమాధవ్ సంగతి? కుర్రాడు, ఎక్కడో అక్కడ బతుకుతాడులే అని సర్దిచెప్పుకున్నాడు. ఎవరికి వాళ్లం ఇలాగే సర్దిచెప్పుకుంటాం లెండి.

నవమి వచ్చింది. ఏటా ఆయుధపూజకి మిషన్లన్నీ ఆపేసి, మూతల మీద బొట్లు పెట్టేవారు. ఈసారి సన్యాసిరాజుకి ఓనరుగారిని మెప్పించాలన్న బుద్ధి పుట్టింది.

"సార్, పందెంలో ఉన్న రెండు మిషన్లూ ఆన్‌లో ఉంచి, తెర మీద అమ్మవారి బొమ్మ పెడదాం. దీపం వెలిగించినట్టుంటాది. నడవని ఆయుధానికి పూజేటి సార్?" అన్నాడు.

రామభద్రరావుగారు పొంగిపోయారు. "అద్భుతంగా చెప్పారు రాజుగారూ!" అన్నారు. సన్యాసిరాజు ఓరకంట కల్పలత వైపు చూశాడు. తన గొయ్యి తనే తవ్వుకున్నాడని ఆ నిమిషానికి తెలియలేదు ఆ మహానుభావుడికి.

పదకొండున్నరకి హారతి. రెండు తెరల మీదా దుర్గమ్మ ఎర్రగా వెలుగుతోంది. సన్యాసిరాజు లెక్క ఏమిటంటే, హారతి అవ్వగానే తన మిషను తన చేత్తో ఆపి, మూత వేసి అమ్మవారి పాదాల దగ్గర పెట్టాలని. కానీ హారతి కళ్లకద్దుకోగానే రామభద్రరావుగారు భక్తి పట్టలేక తనే ముందుకొచ్చారు. రెండు మూతలూ స్వయంగా మూశారు. ఒక్కోదాని చుట్టూ ఎర్ర దారం తిప్పి, దేవుడి గదిలో కట్టే మామూలు ముడే వేసి, పైన పట్టుగుడ్డ కప్పి బంతిపూలు చల్లారు.

సన్యాసిరాజు గుండె గుభేలుమంది. ఆయన మిషను మూత మూస్తే ఏం చేస్తుంది? ఏమీ చెయ్యదు! తనే కదా పెట్టింది అలాగని. ఆ గుడ్డ కింద అది మేలుకునే ఉంటుంది. రేపటిదాకా నడుస్తూనే ఉంటుంది. రేపటిదాకా ఎక్కడ, సాయంత్రానికే బ్యాటరీ పీల్చుకుని చచ్చిపోతుంది. వేణుమాధవ్‌ది మూత పడగానే హాయిగా నిద్రపోయి ఉంటుంది.

"సార్... ఒక్క నిమిషం సార్, నా మిషను..." అంటూ ముందుకు వెళ్లాడు.

రామభద్రరావుగారి కళ్లు ఎర్రబడ్డాయి. "ఏంటి రాజుగారూ? రేపు పొద్దున దాకా అవి అమ్మవారివి. ముట్టుకున్నవాడు నా ఆఫీసు గడప మళ్లీ తొక్కడు. ముట్టుకోనిచ్చినవాడు కూడా తొక్కడు."

ఉత్తిమాట కాదది. రెండేళ్ల కిందట నవమిపూట మెయిల్ చూసుకున్న ఒక కుర్రాణ్ణి ప్రసాదం చేతిలో ఉండగానే ఇంటికి పంపేసిన మనిషాయన.

కల్పలత నవ్వింది. "ఏం రాజుగారూ? మిషన్ని మనిషే కంట్రోల్ చెయ్యాలంటరు కదా. మీ కంట్రోల్ మీద మీకే డౌటా?"

అందరూ గొల్లున నవ్వారు. సన్యాసిరాజు దొప్పలో పులిహోర పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పట్టుగుడ్డ అంచు కింద రెండు చిన్న దీపాలు కనిపిస్తున్నాయి. ఒకటి మెల్లగా వెలుగుతూ ఆరుతూ ఉంది, అది నిద్రపోతున్న మిషను. రెండోది రెప్పవేయకుండా వెలుగుతోంది. ఆయన తల ఎత్తేసరికి వేణుమాధవ్ కూడా ఆ రెండో దీపాన్నే చూస్తున్నాడు. చూసి, సన్యాసిరాజు మొహంలోకి చూసి, కళ్లు దించుకున్నాడు. వాడికి తెలిసిపోయింది. తెలిసీ నోరు విప్పలేదు. ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకున్న గుంజీలు ఇవాళ కక్కుతున్నాడు వెధవ అనుకున్నాడు సన్యాసిరాజు.

ఇంటికెళ్లాడు గానీ కాలు నిలవలేదు. భార్య లోవమ్మ పండగ భోజనం వడ్డిస్తే కెలికి లేచాడు.

"ఏటయింది మీకు? బూరెలు ముట్టనేదు," అంది ఆవిడ.

"నీకెందుకే!" అని కసిరాడు. "ఉద్యోగం ఊడిపోతే ఈ బూరెలు నెత్తిన ఎట్టుకుందువు గాని."

లోవమ్మ పాపం బిక్కచచ్చిపోయి విస్తరి తీసింది. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆవిడకి ఇది కొత్త కాదు. గ్యాస్ పొయ్యి ఎంత మంట మీద ఉండాలో కూడా ఆయనే వచ్చి తిప్పి వెళ్లే ఇల్లది.

సాయంత్రం అయిదింటికి మళ్లీ కార్ఖానా వచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ తుకారాం కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. అరవై దాటిన మనిషి. ఈ బంగళాలో కల్నల్లు కాపురమున్న కాలం నుంచీ ఇక్కడే కాపలా.

"ఏంది సాబ్, పండుగ పూట సుత ఇంట్ల కూసోబుద్ధి అయితలేదా?"

"కళ్లజోడు మర్చిపోయాను. తలుపు తియ్యి."

"కళ్లజోడు జేబుల్నే ఉన్నది కద సాబ్."

"ఇది దూరందిరా! దగ్గరిది లోపలుంది. నీకు లెక్కలు చెప్పాలేటి?"

తుకారాం లేచి తాళం తీశాడు. "ఇయ్యాల అందరికీ ఇక్కడనే పని పడ్డది," అని గొణుక్కున్నాడు. "జెర జల్దీ రాండ్రి సాబ్. అమ్మవారి కాడికి పోకున్రి. ఓనర్ సాబ్‌కి ఎరుకైతే ముందు నా నౌకరీ పోతది."

సన్యాసిరాజు ఆ మాట విననట్టే లోపలికి నడిచాడు. విన్నాడు మాత్రం. ఎక్కడో ఒక మూల దాచుకున్నాడు కూడా.

హాల్లో అగరొత్తుల వాసన ఇంకా పోలేదు. ఆయన చెంపలు వేసుకుని, పట్టుగుడ్డ తొలగించి, తన మిషను చేతిలోకి తీసుకున్నాడు. చల్లగా ఉంది. చచ్చింది, అప్పుడే చచ్చింది అనుకున్నాడు. దారం విప్పబోయి ఆగిపోయాడు. రెండు చుట్లు, కొస వెనక నుంచి లోపలికి దోపి ఉంది. ఓనరుగారు వేసిన ముడి కాదది. తన ముడి.

గబగబా విప్పి మీట నొక్కాడు. మిషను మొదటినుంచి లేచింది. ఛార్జి ఎనభై రెండు. ఎవరో దాన్ని సరిగ్గా, పద్ధతిగా ఆపి వెళ్లారు. ఎవరో ఏమిటి! మధ్యాహ్నం అందరూ వెళ్లాక తిరిగొచ్చి, ఓనరు మాట తోసేసి, తన ఉద్యోగం పణంగా పెట్టి, పందెంలో ఎదుటివాడి మిషను కాపాడి వెళ్లాడు వేణుమాధవ్.

మనసున్న మనిషైతే అక్కడే కూలబడి ఏడ్చేవాడు. సన్యాసిరాజుకీ ఒక్క క్షణం కళ్లు చెమర్చాయి, అబద్ధం చెప్పడం ఎందుకు? కానీ ఆ తడి ఆరేలోపే లోపల నుంచి ఇంకోటి బుస్సున లేచింది. వీడు నా మీద జాలిపడ్డాడా? నేను గుంజీలు తీయించినవాడు నాకు ధర్మం చేస్తాడా? రేపు ఎనభై రెండుతో నేను, తొంభై ఎనిమిదితో వాడు. ఎలాగూ గెలిచేది వాడే. గెలిచి, పైగా మంచివాణ్ణని కూడా అనిపించుకుంటాడు. ఓడిపోవడం కంటే ఆ మంచితనమే ఆయనకి ఎక్కువ మండింది.

తన మిషను మళ్లీ ఆపి, కట్టి, పక్కన పెట్టాడు. తర్వాత వేణుమాధవ్ మిషను దారం విప్పి మూత ఎత్తాడు. రెప్ప తెరిచినంతలో లేచింది. పాస్‌వర్డులన్నీ ఆయన పెట్టినవే. అమ్మవారి బొమ్మ పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది, ఛార్జి తొంభై తొమ్మిది. ఎంత తేలిగ్గా లేచిందో చూసి, అంత కసిలోనూ ఆయన లోలోపల 'ఔరా' అనుకున్నాడు. అనుకుంటూనే సెట్టింగుల పేజీ తెరిచాడు. మూత మూస్తే: ఏమీ చేయవద్దు. నిద్ర: ఎప్పటికీ వద్దు. అలా మార్చేశాడు.

"సాబ్! దొరికిందా?" మెట్ల మీద తుకారాం చెప్పుల చప్పుడు.

సన్యాసిరాజు దడుచుకుని, పేజీ మూయకుండానే మూత వేసేశాడు. దారం చుట్టాడు. కంగారులో చేతులు వాటికి అలవాటైన ముడే వేసేశాయి. గుడ్డ కప్పి, పూలు సర్ది, కళ్లజోడు చేత్తో ఊపుతూ బయటికి వచ్చాడు. గుడ్డ కింద ఇప్పుడు ఒకటే దీపం, రెప్పవేయకుండా వెలుగుతోంది.

దశమి పొద్దున తొమ్మిదింటికి అందరూ కొత్తబట్టల్లో వచ్చారు. స్వీట్ల పెట్టె విప్పారు. పందెం చూడమని తుకారాన్ని కూడా పైకి పిలిచారు, గుమ్మం దగ్గర నిలబడ్డాడు. రామభద్రరావుగారు కత్తెరతో దారాలు కత్తిరించి కింద పడేశారు. వేణుమాధవ్ వంగి రెండు దారాలూ ఏరాడు. పూజ దారం తొక్కకూడదని ఏరాడు కాబోలు. చేతిలోకి తీసుకుని చూశాడు. రెండింటికీ ఒకటే ముడి. ఒకటి తను వేసింది. రెండోది?

వాడు తలెత్తి సన్యాసిరాజుని చూశాడు. సన్యాసిరాజు గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు.

సన్యాసిరాజు మిషను మీట నొక్కారు. లేచింది. ఎనభై రెండు.

"పద్దెనిమిది తగ్గిందేం?" అంది కల్పలత.

"మాన్యువల్ అమ్మా. మెల్లగా తగ్గుతాది, నమ్మకంగా ఉంటాది," అన్నాడు సన్యాసిరాజు.

వేణుమాధవ్ మిషను నొక్కారు. లేవలేదు. మళ్లీ నొక్కారు. దీపం లేదు, చప్పుడు లేదు.

"అమ్మవారి పాదాల దగ్గర ఆరిపోయిందా!" రామభద్రరావుగారి మొహం మాడిపోయింది. "అపశకునం... దశమిపూట ఎంత అపశకునం!"

కల్పలత విసుగ్గా ఛార్జరు పెట్టించి మీట నొక్కింది. ఇక్కడొక సంగతి చెప్పాలి. సన్యాసిరాజు నిద్ర మాన్పించాడు గానీ, ఛార్జి అడుగంటినప్పుడు ఈ మిషన్లు చేసే ఆఖరి పని ఒకటుంది, దాని జోలికి వెళ్లలేదు. ప్రాణం పోయేముందు తెర మీద ఏమున్నదీ ఉన్నదున్నట్టు లోపల రాసిపెట్టుకుని మరీ ఆరిపోతాయి. కరెంటు తగలగానే అదే తిరిగి చూపిస్తాయి. ఎవరూ చెప్పకుండా, దానంతటదే. అది తన పని తను చేసింది.

తెర వెలిగింది. అమ్మవారి బొమ్మ మీద సెట్టింగుల పేజీ, సన్యాసిరాజు వదిలేసినట్టే.

కల్పలత పైకి చదివింది. "మూత మూస్తే ఏమీ చేయవద్దు. నిద్ర ఎప్పటికీ వద్దు." చదివి, వేణుమాధవ్ వైపు తిరిగి పకపకా నవ్వింది. "వాట్ ఈజ్ దిస్? ఆటోమేటిక్ ఆటోమేటిక్ అని నెల నుంచి నా తల తిన్నవ్. నీ మిషన్ నువ్వే మాన్యువల్‌లో పెట్టుకున్నవా? ఇంత సింపుల్ విషయం సుత చూసుకోవా?"

ఎవరో కిసుక్కుమన్నారు. సన్యాసిరాజు తెర చూడ్డం మానేసి వేణుమాధవ్ మొహం చూశాడు. వేణుమాధవ్ ఒక్క మాటంటే చాలు. నిన్న ఎవరో తెరిచారు అంటే చాలు. అప్పుడు ఎవరెవరు వచ్చారని వాచ్‌మన్‌ని అడుగుతారు. మధ్యాహ్నం ఒకరు, సాయంత్రం ఒకరు వచ్చారని తుకారాం చెప్పక తప్పదు. ఇద్దరూ పోతారు. ఇద్దరికంటే ముందు తుకారాం పోతాడు. ఈ లెక్క నిన్న సెట్టింగులు మారుస్తున్నప్పుడే సన్యాసిరాజు వేసుకున్నాడు. నమ్మండి నమ్మకపోండి, వేసుకున్నాడు.

వేణుమాధవ్ గుమ్మం వైపు చూశాడు. తుకారాం చేతులు జోడించి నిలబడ్డాడు. దేవుడికో, వీడికో తెలియదు.

"నాదే తప్పు మేడమ్," అన్నాడు వేణుమాధవ్. "చూసుకోలే."

"అయితే అయిపోయినట్టే," అంది కల్పలత. "ఇవాళ్టి నుంచే."

స్వీట్లు పంచారు. సన్యాసిరాజు చేతిలో రెండు లడ్డూలు పెట్టి, రామభద్రరావుగారు భుజం తట్టారు. వేణుమాధవ్ సొరుగులోంచి టిఫిన్ డబ్బా, ఒక స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. ఒక నోటు పుస్తకం మాత్రం అక్కడే వదిలేశాడు. వెళ్తూ వెళ్తూ సన్యాసిరాజు బల్ల దగ్గర ఆగాడు.

"నేను గెలిస్తే నిజంగ గెలవాలె అనుకున్న సార్. ఓనర్ సాబ్ మూత ఏసిండని కాదు. అందుకే మీది బంద్ చేసిపోయిన."



వేణుమాధవ్ గుప్పిట విప్పి ఆ రెండు ఎర్ర దారాలూ బల్ల మీద పెట్టాడు. "ముడి మంచిగ పడ్డది సార్. మీ చేతిది మీ చేతిదే," అన్నాడు. అని వంగి కాళ్లకి దండం పెట్టాడు. సన్యాసిరాజు కాళ్లు వెనక్కి తీసుకోవాలనుకున్నాడు, కుర్చీ గోడకి తగిలింది. హాల్లో అందరూ చూస్తున్నారు. ఓడిపోయినా కుర్రాడికి ఎంత వినయమో అని ఒకావిడ మెచ్చుకుంది కూడా.

ఆ తర్వాత సంగతి ఒక్కటే మిగిలింది. ఒక్కడు, ముప్ఫై ఆరు మిషన్లు. పొద్దున తిరగాలి, సాయంత్రం తిరగాలి, మధ్యలో చెడిపోయినవి చూడాలి, వైర్లు కట్టాలి. ఇన్నాళ్లూ సగం పని వేణుమాధవ్ చేసేవాడని ఆయన మోకాళ్లకి మొదటి వారంలోనే తెలిసింది. మూడో వారం ఒక ఆదివారం, ఎవరూ లేనప్పుడు, ఆ నోటు పుస్తకం తీశాడు. గుండ్రటి అక్షరాలతో, ఒక్కో మిషనుకీ ఆటోమేటిక్ ఎలా పెట్టాలో, ఏ అమ్మాయికి కళ్లు వీకో, ఎవరి తెర ఎంత వెలుగుకి తగ్గకూడదో, అన్నీ రాసి ఉన్నాయి. మొదటి పేజీ మీద 'సార్‌కి చూపించాలె' అని ఉంది. ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని ముప్ఫై ఆరు మిషన్లూ ఆటోమేటిక్‌లోకి మార్చాడు, ఒక్కొక్కటీ, తన చేత్తో.

సోమవారం కరెంటు పోయింది. తెరలన్నీ వాటంతటవే కాస్త తగ్గి నిలబడ్డాయి. ఎవరి కళ్లూ నీళ్లు కారలేదు, ఏ డాక్టరు గొంతూ నత్తి కొట్టలేదు. రెండు గంటలు గడిచాయి, ఒక్క మిషనూ ఆగలేదు. కల్పలత వచ్చి ఆయన బల్ల అంచు మీద కూర్చుంది.

"సూపర్ రాజుగారూ! చేతి పని అంటే ఇదీ. ఆటోమేటిక్ ఆటోమేటిక్ అన్న ఆ అబ్బాయి మాట వినుంటే ఏమైపోయేవాళ్లమో కదా?"

సొరుగులో నోటు పుస్తకం, దాని మీద రెండు ఎర్ర దారాలు ఉన్నాయి. సన్యాసిరాజు మోకాలితో సొరుగు లోపలికి నెట్టాడు.

"అదే కదమ్మా నేను మొదట్నించీ చెప్తున్నది," అన్నాడు.